కాకటూకు కూడు, గూడు

2024 జూలై నెలలో ఒక శనివారం సాయంకాలం. ఆషాఢపు గాలి మల్లయ్యకొండ వైపు నుంచి దుమ్ము లేపుకుంటూ వస్తూ ఉంది. బెంగుళూరు నుంచి వచ్చిన జీపు మా ఇంటి ముందర ఆగింది. మా పెద్దమ్మ కొడుకు దిగి, దుప్పటి కప్పిన పెద్ద పంజరాన్ని జాగ్రత్తగా దించి వసారాలో పెట్టాడు. దుప్పటి తీస్తే లోపల మల్లెపువ్వులాంటి తెల్లని పక్షి. మూల నక్కి, మాకు వీపు చూపించి కూర్చుంది. దాని పేరు మల్లి.

మా పెద్దమ్మ నర్సుగా పని చేసి రిటైరయిన మనిషి. ఒంటరిగా ఉండేది. 2015 నుంచి ఈ పక్షే ఆమెకు తోడు. ఆ వేసవిలో ఆమె ప్రభువునందు నిద్రించింది. కొడుకుకు గల్ఫులో ఉద్యోగం. "అక్కా, దీన్ని అంగడికి అమ్మడానికి మనసు రావడంలేదు, మీ ఇంట్లో నలుగురుంటారు, మీరు పెట్టుకోండి" అన్నాడు. మా పిల్లలు ఎగిరి గంతేశారు. మా ఆయన మాత్రం "కోళ్లూ మేకలూ మనకు తెలుసు గానీ, దీని సంగతి మనకేం తెలుసు?" అన్నాడు. ఆ మాట నిజమని ఐదు రోజుల్లోనే తెలిసివచ్చింది.

కాకటూ అనేది చిలుకల జాతిలోదే. మలయ్ భాషలో కకతువా అంటారు, ఆ మాట నుంచే ఈ పేరు వచ్చింది. ఆస్ట్రేలియా, న్యూగినీ, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ ప్రాంతాలు వీటి సొంత నేల. మా మల్లి గొడుగు కాకటూ రకం. తలమీద తెల్లని జుట్టు విప్పితే చిన్న గొడుగు తెరిచినట్టే ఉంటుంది. ఈ రకం పక్షులు ఇండోనేషియాలోని హల్మహేరా, దాని చుట్టుపక్కల దీవుల అడవుల్లో పుడతాయి. ఈ మధ్య మదనపల్లెలో, బెంగుళూరులో చాలామంది ఇళ్లలో కనబడే బూడిదరంగు కాకటీల్ కూడా ఈ కుటుంబంలోదే, అందరికంటే చిన్నది. నేను ఇక్కడ రాసేదాంట్లో చాలామట్టుకు దానికీ వర్తిస్తుంది.

ఇక మా తప్పు చెబుతాను. పక్షితోబాటు పెద్దమ్మ కొడుకు ఒక సంచీ పొద్దుతిరుగుడు గింజలు ఇచ్చాడు. అవి కొవ్వు పదార్థం, మంచివి కావని నేనెక్కడో చదివి ఉన్నాను. సరే, వచ్చింది మొదలు మంచి అలవాటు చేద్దామని, ఆ సంచీ అటక మీద పడేసి, గిన్నెలో బొప్పాయి ముక్కలు, క్యారెట్టు, మొలకెత్తిన పెసలు అందంగా సర్ది పెట్టాను. ఆదివారం ఆరాధనకు వెళ్లి వచ్చి చూస్తే ముట్టలేదు. సోమవారం ముట్టలేదు. "ఆకలైతే అదే తింటుందిలే" అన్నాడు మా ఆయన. పక్కింటామె కూడా అదే మాట. మేకపిల్లకైతే ఆ మాట చెల్లుతుందేమో. మంగళవారానికి మల్లి రెక్కలు జారవేసి, ఈకలు ఉబ్బించి, కళ్లు మూసుకుని కూర్చుంది. రెట్ట కొంచెమే పడుతూ ఉంది, అదీ ముదురు పచ్చగా. వచ్చిన రోజు పిల్లలు సరదాకు అంగట్లో ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచినప్పుడు 562 గ్రాములుంది. గురువారం తూస్తే 512.

బెంగుళూరులో పక్షుల వైద్యం చేసే డాక్టరుగారికి ఫోను చేశాను. ఆయన మొదట అడిగింది, "అది ఇంతకుముందు ఏం తినేదమ్మా?" అని. చెప్పాను. "ఆ సంచీ వెంటనే దించండి. బరువు పదోవంతు తగ్గిందంటే ప్రమాదం. ఇంకో ఆరేడు గ్రాములు తగ్గితే నా దగ్గరికి తీసుకొని రావలసిందే" అన్నారు. చిలుక జాతి పక్షికి తాను ఎరగని పదార్థం తిండి అని కూడా తెలియదట. ఎదురుగా పళ్లెం నిండా ఉన్నా ఆకలితో చచ్చిపోగలదట. నాకు గుండె దడదడలాడింది. అటక ఎక్కి సంచీ దించాను. ఆ సాయంకాలం నాలుగు గింజలు కొరికింది. నాలుగే.

కడుపు నిండా తినడం మాత్రం మా అత్తమ్మ వల్ల జరిగింది. ఆమెకు మోకాళ్ల నొప్పి. వసారాలో చాప పరచుకొని, గోడకు ఆనుకొని, అక్కడే మధ్యాహ్నం సంగటి తింటుంది. పక్షిని మచ్చిక చేయాలన్న ఉద్దేశమేమీ ఆమెకు లేదు. దాని వైపు చూసేది కూడా కాదు. తనపాటికి తాను ముద్ద చేసుకుంటూ, చెనిక్కాయల చట్నీ అద్దుకుంటూ, పొలం సంగతులు తనలో తాను మాట్లాడుకుంటూ తినేది. శుక్రవారం నాడు మల్లి మొదటిసారి ఇటు తిరిగింది. శనివారం కొయ్య దిగి కమ్మీల దగ్గరికి వచ్చింది. అత్తమ్మ "ఏం తల్లీ, కావాల్నా?" అని, చట్నీ తగలని సంగటి చిటికెడు విడిగా ఆకులో పెట్టి లోపలికి తోసింది. మల్లి దాన్ని కాలితో పట్టుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, తినింది. ఆకు కూడా చించేసింది.

తరువాత డాక్టరుగారికి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. ఇవి అడవిలో గుంపుగా తిరిగే పక్షులు. గుంపు మేస్తూ ఉంటే ఇక్కడ భయం లేదని అర్థం, అప్పుడే తామూ మేస్తాయి. ఒంటరిగా గిన్నె ముందు కూర్చోబెట్టి, చుట్టూ అందరూ నిలబడి "తిను, తిను" అని చూస్తూ ఉంటే, గద్ద చూసినట్టే ఉంటుంది వాటికి. అందుచేత కొత్తగా కాకటూ తెచ్చుకున్నవారు మొదట చేయవలసిన పని తిండి మార్చడం కాదు. పంజరం దగ్గర కూర్చుని మీ అన్నం మీరు తినడం. దానికి పక్కగా కూర్చోండి, ఎదురుగా కాదు. పలకరించండి, చేయి పెట్టకండి.

పంజరం పెట్టే చోటు కూడా ముఖ్యం. రెండు వైపుల గోడ ఉండే మూల మంచిది. నాలుగు వైపులా తెరిచి ఉంటే ఎటునుంచి ఏమొస్తుందోనని దానికి నిద్ర ఉండదు. నలుగురూ మసలే గదిలో, మన ఛాతీ ఎత్తున ఉండాలి. వంటింట్లో మాత్రం వద్దే వద్దు. కట్టెల పొగ, పోపు ఘాటు పక్షి ఊపిరితిత్తులకు పడవు. అంతకంటే ప్రమాదం, ఈ నాన్‌స్టిక్ పెనాలు. పెనం మాడితే వచ్చే పొగకు మనకు తలనొప్పి వస్తుందేమో గానీ, అదే ఇంట్లో ఉన్న పక్షి నిమిషాల్లో చచ్చిపోతుంది. దోమల చుట్ట, సాంబ్రాణి కూడా దూరంగా ఉంచండి. రాత్రి పది పన్నెండు గంటల నిద్ర కావాలి. మాకు సాయంకాల ప్రార్థన ఏడున్నరకు అయిపోతుంది, ఆ వెంటనే పలుచని గుడ్డ కప్పేస్తాం.

పంజరం తీగలు కూడా చూసుకోండి. జింకు పూత వేసిన చవక తీగను ఇది కొరికి కొరికి ఆ పూత మింగుతుంది, అది విషం. మేము మదనపల్లెలో ఇనుప పనివారి చేత స్టీలు కమ్మీలు వేయించాం. డబ్బు అయింది. మా ఆయన ఇప్పటికీ ఆ లెక్క చెబుతాడు, టమోటా ధర పడిపోయిన రోజున మరీ చెబుతాడు.

నాటుకోళ్లున్న ఇళ్లవారికి ఇంకొక మాట. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు కాకటూకు కూడా సోకుతుంది. పంజరం కోళ్లు తిరిగే దొడ్లో పెట్టకండి, కోళ్లను ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కొని గానీ దీని గిన్నె ముట్టకండి. ఇంట్లో ముందునుంచే వేరే పెంపుడు పక్షి ఉంటే, కొత్తదాన్ని నెల రోజులైనా వేరే గదిలో ఉంచాలి. చిలుక జాతి పక్షుల రెట్ట నుంచి మనుషులకు ఊపిరితిత్తుల జ్వరం వచ్చే అవకాశమూ ఉంది. రెట్ట ఎండనిచ్చి చీపురుతో దుమ్ము లేపకండి, తడిగుడ్డతో తుడవండి. కాకటూ ఈకల నుంచి ముగ్గుపిండిలాంటి తెల్లని పొడి ఎప్పుడూ రాలుతూ ఉంటుంది. అది దాని స్వభావం, రోగం కాదు. కానీ ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే ఈ పక్షిని అసలు తెచ్చుకోవద్దు. ఈ మాట ముందే చెప్పేవారు తక్కువ.

ఇక ఆహారం. గింజలు మాత్రమే తినే పక్షికి ఎ విటమిన్, కాల్షియం చాలవు. అమెరికాలో షికాగో దగ్గరి బ్రూక్‌ఫీల్డ్ జంతుప్రదర్శనశాలలో కుకీ అనే కాకటూ ఉండేది. 1933లో పుట్టి, 2016లో 83 ఏళ్ల వయసులో చనిపోయింది. అంత బతికినా ముసలితనంలో దాని ఎముకలు గుల్లబారాయి. మొదటి నలభై ఏళ్లు గింజలే పెట్టడం అందుకు కారణమని భావించారు, ఆ రోజుల్లో ఎవరికీ తెలియక అలా పెట్టారు. కాబట్టి మార్చవలసిందే, కానీ తొందరపడి కాదు. మాకు నాలుగు నెలలు పట్టింది.

మేము చేసినది ఇది. ఉదయం లేవగానే, తిండి పెట్టకముందే తూచి క్యాలెండరు మీద రాసేవాళ్లం. ఆ పని మా పెద్దబ్బాయిది. గింజల్లో పొద్దుతిరుగుడు కొద్దికొద్దిగా తగ్గించి కొర్రలు, సజ్జలు, రాగులు, జొన్నలు కలిపాం. మన చేలల్లో పండేవే. కంకి మీద ఉన్న కొర్రలు దొరికితే ఇంకా సంతోషం, కంకి పట్టుకొని గంటసేపు ఒలుచుకుంటుంది. ఉదయం ఆకలి బాగా ఉన్న వేళ మెత్తని తిండి పెట్టి, గింజలు తరువాత పెట్టాలి. బరువు రెండు రోజులు వరుసగా తగ్గితే మళ్లీ పాత తిండికి వెనక్కి వెళ్లేవాళ్లం. అట్లా ముందుకూ వెనక్కూ నడిచాం.

బజారుకు పరిగెత్తవలసిన పని లేదు, మన పెరట్లోనే దానికి కావలసింది ఉంది. మునగాకుకు మించిన ఆకు లేదు, రెమ్మ రెమ్మ కట్టి వేలాడదీయండి. తోటకూర, ఉడికించిన గెనుసుగడ్డ, గుమ్మడి, క్యారెట్టు, బొప్పాయి, జామ, దానిమ్మ అన్నీ మంచివే. పసుపు, నారింజ రంగు కూరగాయల్లో ఎ విటమిన్‌కు మూలపదార్థం ఉంటుంది. పండు మిరపకాయ పెడితే మా పిల్లలు కెవ్వున అరిచారు, మల్లి మాత్రం గింజలతో సహా నమిలేసింది. మిరపలోని కారం పక్షి నోటికి తెలియదట. దేవుని సృష్టిలో అదొక వింత. పెసలు ఒక రాత్రి నానబెట్టి, నీళ్లు వంపి, గుడ్డలో కట్టి, మొలక చిన్నగా రాగానే కడిగి పెట్టండి. వాసన వస్తే పారవేయండి. అలసందలు, అనుములు లాంటివి బాగా ఉడికించనిదే పెట్టరాదు. ఉడికించిన కోడిగుడ్డు వారానికి ఒకసారి చిన్న ముక్క. సంగటి ఉప్పు వేయకముందు తీసి, బాగా చల్లార్చి పెట్టాలి. వేడి ముద్ద మింగితే లోపల మేతసంచి కాలిపోతుంది. మెత్తని తిండి ఏదైనా రెండు గంటలకంటే ఎక్కువ గిన్నెలో ఉంచకండి, మన ఎండకు పులిసిపోతుంది. నీళ్లు రోజుకు రెండుసార్లు మార్చాలి. మన నోట్లో పెట్టుకున్నది దానికి పెట్టడం వద్దు.

చెనిక్కాయల సంగతి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే మన తంబళ్లపల్లె ప్రాంతంలో ఏ ఇంట చూసినా అవే. పిల్లలు జేబులో నుంచి తీసి పెట్టేది కూడా అవే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కుప్పకూలి చచ్చాయి. ఏం రోగమో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. చివరకు దాణాలో కలిపిన వేరుశెనగ పిండికి బూజు పట్టిందనీ, ఆ బూజు విషమే చంపిందనీ తేలింది. ఆ విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కాలేయాన్ని తినేస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. కోత సమయంలో వాన తడిసిన కాయ, నల్లబడిన పప్పు, ముడుచుకున్న పప్పు, చేదు తగిలే పప్పు ఇవేవీ పక్షికి పెట్టకూడదు. మన పిల్లలకూ పెట్టకూడదనుకోండి. బాగా ఎండిన గట్టి కాయలే ఏరి, రోజుకు ఒకటి రెండు, అదీ బహుమానంగా. మేము దాన్ని చేతి మీదికి రమ్మని పిలవడానికే చెనిక్కాయ వాడతాం.

టమోటా పండు ఒక ముక్క ఫరవాలేదు గానీ ఆకు, కాడ విషం. మందు కొట్టిన తోటలోనుంచి తెచ్చినదేదైనా బాగా కడగాలి. మందు కొట్టిన మరునాడే కోసినది అసలే వద్దు. బెంగుళూరు నుంచి బంధువులు తెచ్చే బటర్ ఫ్రూటు పక్షికి ప్రాణాంతకం. చాక్లెట్టు, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఊరగాయ, కారాబూందీ లాంటి ఉప్పు తిండ్లు ఏవీ పెట్టకండి. సీతాఫలం గింజలు, ఆపిల్ గింజలు తీసివేయండి. కొరకడానికి జామ కొమ్మలు, మొక్కజొన్న కండెలు, కొబ్బరి చిప్పలు ఇవ్వండి. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త కొమ్మలు మాత్రం దగ్గరికి రానివ్వకండి. కొరకడానికి ఏమీ లేకపోతే ఇవి విసుగెత్తి తమ ఈకలు తామే పీక్కుంటాయి. రెండవ వారంలో మల్లి రొమ్ము మీద రూపాయి బిళ్లంత చోటు బోడిగా కనిపించింది. కొబ్బరి చిప్పలు వచ్చాక ఆ పీకడం తగ్గింది. పూర్తిగా పోవడానికి ఏడాది పట్టింది.

అది భయపడుతోందో, కుదురుగా ఉందో ఎలా తెలుస్తుంది? జుట్టు నిక్కబొడుచుకొని బుస్సుమంటే దగ్గరికి పోకండి. ఒక కాలు పొట్టలోకి ముడిచి నిలబడితే నెమ్మదిగా ఉన్నట్టు. నిద్రపోయే ముందు ముక్కు పైభాగం కింది భాగం మెల్లగా నూరుకుంటూ గరగర శబ్దం చేస్తే, ఆ రోజు దానికి బాగా గడిచిందని అర్థం. మేము ఆ శబ్దం మొదటిసారి విన్నది మూడవ వారంలో. కరెంటు పోయి ఉంది, అందరం వసారాలోనే ఉన్నాం, మా అత్తమ్మే ముందు గుర్తించింది. తాకవలసి వస్తే తల, మెడ మాత్రమే నిమరండి. వీపు నిమిరితే అది జతను వెతికే పక్షిలాగా మారి, ఒకరికే అంటిపెట్టుకొని మిగిలినవారిని కరుస్తుంది. ఆ ముక్కు కరిస్తే మామూలు గాయం కాదు, చిన్నపిల్లలను ఒంటరిగా దాని దగ్గర వదలకండి.

పాటలు దీనికి ఇష్టం. కంజిర మోగితే తల ఊపుతుంది, కాళ్లు మార్చి మార్చి వేస్తుంది. ఇది మా భ్రమ అనుకున్నాం. కానీ అమెరికాలో స్నోబాల్ అనే కాకటూ పాట వేగాన్ని పెంచినా తగ్గించినా దానికి తగినట్టు అడుగు వేస్తుందని 2009లో శాస్త్రజ్ఞులు పరీక్షించి ప్రకటించారు. ఆ పక్షి కూడా ఒక యజమాని పెంచలేక అప్పగించినదే.

చట్టం మాట చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. మన చేలల్లో జొన్న కంకుల మీద వాలే రామచిలుకను పట్టి పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. సంతలో ఎవరైనా అమ్మినా కొనకండి. కాకటూ పరదేశపు పక్షి గనుక పెంచవచ్చు, కానీ 2022లో చేసిన సవరణ, 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఆ పక్షి మన చేతికి వచ్చిన 30 రోజుల్లోగా పరివేష్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదు చేయించాలి. కాకటీల్‌కు ఈ నమోదు అక్కరలేదు. పెద్దమ్మ 2020లోనే ప్రభుత్వం అడిగినప్పుడు వివరాలు ఇచ్చి కాగితాలు జాగ్రత్త చేసి ఉంచింది, అందువలన మాకు పని సులువైంది. కాగితాలు లేవు, ధర తక్కువ అని ఎవరైనా అంటే, ఆ పక్షి దొంగతనంగా అడవి నుంచి వచ్చి ఉండవచ్చు.

మరొక లెక్క కూడా వేసుకోండి. ఇవి బాగా చూసుకుంటే నలభై, యాభై ఏళ్లు బతుకుతాయి. మా ఆయనకు ఇప్పుడు నలభై ఆరు. మల్లి తరువాతి యజమాని ఎవరో ఇప్పుడే మాట్లాడుకున్నాం, మా పెద్దబ్బాయి ఒప్పుకున్నాడు. కాలేజీకి పోయినప్పుడు ఎట్లా అన్నది ఇంకా తేలలేదు.

ఈ ఉదయం తూచితే 571 గ్రాములు. కాకరకాయ ఇప్పటికీ గిన్నెలోనుంచి ఏరి మా ఆయన మీదికి విసురుతుంది. మధ్యాహ్నం అత్తమ్మ చాప పరచగానే కొయ్య దిగి వచ్చి, ఆకు కోసం కమ్మీలు తడుతుంది.